పాచిక వెయ్యకుండా నీలవేణిని చంపినందుకు భిలాయి వెళ్ళొచ్చాను

మొదటే చెప్పేస్తాను, నేను భిలాయి వెళ్ళింది ఉక్కు కర్మాగారం చూడ్డానికి కాదు, పోట్లాడ్డానికి. తొంభైల మధ్యలో సంగతి ఇది. అప్పట్లో విశాఖపట్నంలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని, పని తక్కువగా ఉన్న రోజుల్లో బైండింగు సెక్షన్లో కూడా చెయ్యి వేసేదాన్ని. ఒక వారపత్రిక కలంస్నేహం పేజీలో "సాహస సినిమా ఆధారంగా వచ్చిన ఆట పుస్తకం మా వద్ద కలదు, ఉత్తరముల ద్వారా ఆడదలచినవారు వ్రాయవలెను" అని భిలాయి చిరునామాతో ఒక ప్రకటన కనబడింది. కుతూహలం కొద్దీ రాశాను. ఈ ఆటకి బోర్డు ఉండదు, కాయలుండవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు, అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. సోర్స్‌బుక్ అంటే ఆ ఇంగ్లీషు సినిమాలోని గుహలు, నదులు, విమానాలు, పాములు, మనుషులు అన్నిటికీ అంకెలు వేసి అచ్చేసిన పుస్తకం. ఆ పుస్తకం మా నలుగురు ఆటగాళ్ళలో ఎవరి దగ్గరా లేదు. ఉన్న ఒక్క ప్రతీ భిలాయిలోనే, కథ నడిపే సింహాచలం గారి దగ్గర ఉంది.

నా పాత్ర పేరు నీలవేణి. నీటి మీద దిగే చిన్న విమానం నడిపే మనిషి, పాత గుళ్ళలో పోయిన విగ్రహాలు వెతుకుతుంది, ఎవరినీ అడక్కుండా ఎక్కడికైనా వెళ్ళిపోతుంది. ప్రెస్సూ ఇల్లూ తప్ప మూడో చోటు ఎరగని నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో చెప్పలేను. రెండున్నరేళ్ళు, నెలకో ఉత్తరం చొప్పున, ఆవిణ్ణి నదులు దాటించాను, కొండలెక్కించాను. అలాంటిది, ఆవిడ గుహలో అగాధం దూకుతుందని నేను రాస్తే, ఒకనాడు ఇన్‌లాండ్ కవరులో ఈ నాలుగు ముక్కలు వచ్చాయి: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గుహలోని అగాధము వెడల్పు 12 మీటర్లు. మానవమాత్రులు దూకగలిగినది కాదు. కావున పాచిక వేయవలసిన అవసరము లేకపోయినది. నీలవేణి గారు దివంగతులైనారు. మా సంతాపము."

అరికాలి మంట నెత్తికెక్కింది. అదే అగాధం సినిమాలో హీరో దూకాడు, రెండుసార్లు చూశాను కదా, నాకు తెలీదా? హీరో దూకింది నా నీలవేణి దూకలేకపోవడం ఒకెత్తు, కనీసం పాచిక కూడా వెయ్యకపోవడం ఇంకో ఎత్తు. హంతకుడికైనా వాయిదాలిస్తారు! ఆ పేజీ జిరాక్సు పంపమని రాస్తే జవాబు ఇలా వచ్చింది: "పుస్తకము కుట్టు బలహీనముగా నున్నందున జిరాక్సుకు వీలుపడదు. చూడదలచినచో స్వయముగా రావలెను. వచ్చే ఆదివారము మాకు సెలవు. సోమవారము మిగిలినవారికి చివరి ఘట్టము ఉత్తరములు పోస్టు చేయబడును." అంటే ఆదివారంలోగా తేల్చుకోకపోతే నీలవేణి లేకుండానే కథ ముగిసిపోతుంది. వెళ్ళి తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాను. ఒక్కదాన్నే అంత దూరం ప్రయాణం చెయ్యడం నాకు అదే మొదలు. మా అమ్మ ఆపడానికి చూసింది గానీ, నా మొహం చూసి ఊరుకుని పులిహోర కలిపి ఇచ్చింది.

శనివారం సగం రోజు సెలవు పెట్టి, సాయంత్రం రాయపూర్ పాసింజరు ఎక్కాను. రిజర్వేషన్ లేని పెట్టెలో టికెట్టు వంద రూపాయల లోపే అయింది, అవి అప్పటి ధరలు. విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా వెళ్ళే దారి అది. పార్వతీపురం దాటాక కొండలు, సొరంగాలు మొదలవుతాయి, వెలుగు ఉండగా కుడివైపు కిటికీ దొరికితే బాగుంటుందని తోటి ప్రయాణికులు చెప్పారు. నాకు దొరికింది మధ్య సీటు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఎక్కడికమ్మా అని అడిగితే భిలాయి అన్నాను. పనేమిటన్నాడు. "ఒకరు పోయారండి. ఎలా పోయారో కనుక్కోవాలి" అన్నాను. కోపంలో ఉన్న మనిషికి అంతకంటే వివరంగా చెప్పడం చేతకాదు. ఆయన అయ్యయ్యో అని లేచి నాకు కిటికీ పక్కన చోటిచ్చాడు. దగ్గరివాళ్ళా అని అడిగాడు. అవునన్నాను. అబద్ధమని నాకు అనిపించలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి చేరాల్సిన బండి పదింటికి రాయపూర్ చేరింది. అక్కణ్ణుంచి దుర్గ్ వైపు వెళ్ళే లోకల్ ఎక్కితే ముప్పావుగంటలో భిలాయి పవర్ హౌస్ స్టేషను. సింహాచలం గారి చిరునామాలో ఉన్న క్యాంప్ వన్ పేటకి వెళ్ళేవాళ్ళు అక్కడే దిగాలి, ఎక్స్‌ప్రెస్సులు నమ్ముకుంటే దుర్గ్ దాకా పోయి వెనక్కి రావలసి వస్తుంది. స్టేషను బయట బండి మీద వేడి పోహా, మన అటుకుల ఉప్మా లాంటిది, పక్కనే జిలేబీ. రెండూ కలిపి తినాలని బండివాడు పట్టుబట్టాడు. పోహాలో జిలేబీ ఏమిటి నీ మొహం అనుకుంటూనే తిన్నాను, తిన్నాక ఇంకో ప్లేటు అడిగాను. అంతవరకూ ఆ ఊళ్ళో నాకు జరిగిన మంచి అదొక్కటే.

ఆటో డ్రైవరుకి చిరునామా ఉన్న కవరు చూపించాను. అతను కవరు సరిగా చూడలేదు, నన్ను చూశాడు. ఇస్త్రీ చీర, చేతిలో తోలుసంచీ, కళ్ళజోడు. "ఆంధ్రావాలే హై న మేడమ్? చలియే" అని బండి తిప్పేశాడు. పది నిమిషాలు పెద్ద రోడ్డు మీద పోయాక చూస్తే బాల్కనీలు, పూలకుండీలు ఉన్న ఇళ్ళు. బోర్డు మీద నెహ్రూ నగర్ అని ఉంది. ఇదేమిటి భయ్యా, కవరు మీద క్యాంప్ వన్ అని ఉంటే ఇక్కడికి తెచ్చావేమిటని నాకొచ్చిన హిందీలో దులిపేశాను. చదువుకున్న ఆంధ్రావాళ్ళు ఇటే ఉంటారు కదా, క్యాంపులో మీకేం పని అని అతను ఆశ్చర్యపోయాడు. రోజూ పక్క ఊరు ఉతై నుంచి వచ్చి ఇక్కడ బండి నడుపుతాడట, మనిషిని చూసి ఇల్లు చెప్పేయగలడట! వెనక్కి తిప్పించాను. పదిహేను రూపాయలకి ఒప్పుకున్న బేరాన్ని పాతిక చెయ్యమన్నాడు. తప్పు నీది, తిరుగుడు నాదీ, డబ్బూ నాదేనా అన్నాను. చివరికి పదిహేనుకే దింపాడు గానీ, దింపేటప్పుడు "గుస్సా బహుత్ హై దీదీకో" అని నవ్వి పోయాడు. కోపం ఉండదా మరి!

క్యాంప్ వన్ సందులు మన పాత ఊరి వీధుల్లానే ఇరుకు. కర్మాగారం కట్టేటప్పుడు కూలీలకి వేసిన ఇళ్ళట, ఇప్పటికీ గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. ఒక గుమ్మంలో హిందీ పాట, పక్క గుమ్మంలో శ్రీకాకుళం యాసలో తిట్లు. ఇంటి నంబరు చూసి తలుపు కొట్టేముందు మనసులో ఒకసారి రిహార్సలు వేసుకున్నాను. సింహాచలం అంటే నా ఊహలో కళ్ళజోడు పెట్టుకున్న కాలేజీ కుర్రాడు, ఇంజనీరు గారి అబ్బాయి, ఇంగ్లీషు మీడియం పొగరు. తలుపు తీసింది యాభై దాటిన మనిషి. బనీను, గళ్ళ లుంగీ, అరచేతులు బండరాళ్ళు. కర్మాగారంలో క్రేను నడుపుతాడట.

"నీలేణమ్మా?" అన్నాడు, నా అసలు పేరు కాకుండా. "వచ్చీసినావా తల్లీ! రా, రా. బండి ఆలస్యమైపోనాదేటి?"

"పుస్తకం చూపించండి" అన్నాను. నమస్కారం కూడా పెట్టలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన ఏమీ అనుకోలేదు. ట్రంకుపెట్టె తెరిచి, పాత తువ్వాల్లో చుట్టిన పుస్తకం తీసి, చాప మీద పెట్టాడు. రాయపూర్‌లో పాత పుస్తకాల బండి మీద తూకానికి కొన్నాడట, అట్ట ఊడిపోయి ఉంటే గుడ్డ వేసి మైదా జిగురుతో తనే అతికించాడట. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని, రెండేళ్ళు పట్టి చదివాడట. ఆయన కూతురు సునీత, పన్నెండో తరగతి పిల్ల, పొడుగాటి రిజిస్టరు ఒకటి తెచ్చి పక్కన కూర్చుంది. నలుగురిలో నాలుగో ఆటగత్తె ఆ పిల్లే. వంటింట్లోంచి ఆయన భార్య పార్వతమ్మ తొంగిచూసి, నీళ్ళిచ్చి, నన్ను ఎగాదిగా చూసి వెళ్ళింది.

రెండున్నరేళ్ళు నా జీవితాన్ని నడిపిన పుస్తకాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. అగాధం పేజీ వెతుకుతుంటే దారిలో ఇండియా అధ్యాయం తగిలింది. ఏం చెప్పను! హీరో టోపీకీ బూట్లకీ రెండు పేజీలు, మన దేశానికంతటికీ అర పేజీ, అందులో సగం పాములు. మ్యాపులో మధ్య భారతం ఉండాల్సిన చోట ఖాళీ వదిలేసి పడగ విప్పిన నాగుబాము బొమ్మ వేశారు. సరిగ్గా మేం చాప వేసుకుని కూర్చున్న చోటు అది. కింద ఒక పట్టిక: స్థానిక కూలీ, బలం తొమ్మిది, తెలివి నాలుగు, ధైర్యం మూడు, ప్రమాదం ఎదురైతే సామాను వదిలి పారిపోతాడు. వాళ్ళ దేశపు గుర్రానికి మాత్రం ధైర్యం ఎనిమిది! సినిమాలో ఎలాగూ మనవాళ్ళని కేకలు పెట్టి పరిగెత్తడానికే పెట్టుకున్నారు, సరే, అది తెర మీద రెండు గంటల్లో పోతుంది. దాన్ని కూర్చుని లెక్క కట్టి, అంకె వేసి, అచ్చేసి, ఇదే నిజమని ఆడుకోండని అమ్ముతారా?

ఆ మూడు మీద పెన్సిలుతో ఎవరో పదమూడు అని దిద్దారు.

"నానే దిద్దినాను" అన్నాడు సింహాచలం గారు. "మా అయ్య కూలీగానే వచ్చినాడమ్మా ఈ ఊరు. ఫేక్టరీ కట్టినన్నాళ్ళూ అంతెత్తు మీద వెదురు కర్రల మీద నడిసినాడు, తట్ట మోసినాడు. ఒక్కనాడు ఒగ్గీసి రానేదు. ధైర్యం మూడంట! అచ్చేసినోడు ఎప్పుడేనా నిచ్చెనెక్కినాడేటి?"

ఆయన గొంతు పెంచలేదు గానీ, అంత కోపం నేను ఉత్తరాల్లో ఎప్పుడూ చూడలేదు. నేను వచ్చిన పని ఒక్క క్షణం మర్చిపోయి, బాగా దిద్దారండీ అన్నాను. వెంటనే గుర్తొచ్చింది. "అది దిద్దినవాళ్ళు అగాధం ఎందుకు దిద్దలేదు మరి?" అన్నాను.

"అది తప్పని నాకు తెలిస్తే కదా" అన్నాడు.

పేజీ తీశాం. గుహ బొమ్మ, బాణం గుర్తు, వెడల్పు 12 అని ఉంది. పన్నెండు, అంతే. మీటర్లని లేదు. ఎక్కడుంది మీటరు, చూపించండి అన్నాను. ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. "యూనిట్ రాయకపోతే మీటరే కదమ్మా. ఫేక్టరీ కట్టించిన రష్యావోళ్ళ కాలం కాడినించీ మా లేఅవుట్లన్నీ అలాగే. నాను ముప్పయ్యేళ్ళుగా ఆ కాగితాలు సూసే లోడు దింపుతున్నాను. ఎవుడూ యూనిట్ రాయడు, ఎవుడూ అడగడు." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. క్రేను క్యాబిన్లో కూర్చునే మనిషికి తప్ప ఇంకెవరికైనా ఈ ఆలోచన వస్తుందా? ఎక్కడో అమెరికాలో అచ్చైన ఆట పుస్తకాన్ని ఈయన కర్మాగారం ప్లాను చదివినట్టు చదివాడు. దాని కింద నా నీలవేణి పడి నలిగింది.

అప్పుడు నాకు నా పని గుర్తొచ్చింది. పుస్తకం మొదటి పేజీ నంబరు ఐదు. ఒకటీ రెండూ అట్టతో పోయాయనుకున్నా, మూడూ నాలుగూ ఏవి? అట్ట లోపలివైపు వేలితో తడిమితే ఒక చోట మందంగా ఉంది. బైండింగులో కొత్తవాళ్ళు ఎప్పుడూ చేసే పని ఇది, జిగురు ఎక్కువై లోపలి కాగితం అట్టకీ దాని మీద అతికించే తెల్లకాగితానికీ మధ్య అంటుకుపోతుంది. పార్వతమ్మ గారి పొయ్యి మీద అన్నానికి ఎసరు మరుగుతోంది. ఆ ఆవిరి మీద అట్ట పట్టుకుని, సునీత దగ్గర స్కేలు తీసుకుని, అంచు నుంచి అంగుళం అంగుళం లేపాను. కాగితం ఊడొచ్చింది. వెనకవైపు నాలుగో పేజీ, మధ్యలో ఒక గడి కట్టి, ఈ పుస్తకంలో దూరాలన్నీ అడుగుల్లో ఇచ్చామని స్పష్టంగా ఉంది.

పన్నెండు అడుగులు. మూడున్నర మీటర్లు, అంతే కదా. స్కూల్లో నేనే దాదాపు అంత దూకేదాన్ని! "చూశారా?" అని అరిచాను. వంటిల్లంతా వినబడేలా అరిచాను. "పాచిక వెయ్యకుండా చంపారు! మూడున్నర మీటర్లు దూకలేదా నా నీలవేణి? పేజీ పంపమని రాసినా వినిపించుకోలేదు మీరు!"

సింహాచలం గారు కాగితం చేతిలోకి తీసుకుని, వెలుగులోకి పట్టి, మూడుసార్లు చదివాడు. "ఫీట్లా?" అన్నాడు. "ఫీట్లేటి? లేఅవుట్‌లో ఎవుడైనా ఫీట్లేస్తాడా?" పుస్తకం రాసినవాళ్ళ మీద ఆయనకీ కోపమొచ్చింది, తన మీద తనకీ వచ్చింది. కాగితం నా చేతికిచ్చి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు.

గెలిచాను. రైల్లో రాత్రంతా ఊహించుకున్న మాట అది, అయినా విన్నాక అనుకున్నంత సంతోషం రాలేదు. ఎందుకో ఆలోచించేలోపే సునీత రిజిస్టరు తెరిచింది. ఈ ఇంట్లో ఆట నడిచేది కర్మాగారం పద్ధతిలో. ప్రతి ఆదివారం ఏం జరిగిందో రిజిస్టర్లో రాస్తారు, చదివినవాళ్ళు సంతకం పెడతారు, రాసింది కొట్టెయ్యడం ఉండదు. షిఫ్టు దిగేవాడు రాసిందాన్ని ఎక్కేవాడు దిద్దకూడదట. ఏదైనా మార్చాలంటే మొదటినుంచీ చూసుకుని, కొత్తగా కింద రాయాలి.

"దీదీ, ఏక్ మినిట్" అంది ఆ పిల్ల. "పూరా బుక్ ఫీట్లో ఉంటే, వెనకవన్నీ కూడా ఫీట్లే కదా? మరి మొసలి?"

మొదటి సంవత్సరం సంగతి. నీలవేణి విమానం నది ఒడ్డున చెడిపోయింది, ఇసకతిన్నె మీద మొసలి. విమానానికి కట్టిన సంచీ విప్పుకోకుండా ఆవిడ కదలదని నేను మొండికేశాను. రిజిస్టర్లో ఉంది చూడండి: మొసలి దూరం ఇరవై మీటర్లు, అది రావడానికి ఏడు సెకన్లు, నీలవేణి సంచీ విప్పుకుని ఒడ్డెక్కడానికి ఆరు సెకన్లు, బతికింది. సింహాచలం గారు లోడు ఊగడాన్ని లెక్కపెట్టినట్టు గడియారం ముల్లు చూసి ఇవన్నీ లెక్క కట్టేవాడట. సునీత పెన్సిలుతో మార్జిన్లో గీకింది. ఇరవై అడుగులంటే ఆరు మీటర్లు. మొసలి రెండు సెకన్లలో వచ్చేస్తుంది.

"అక్కడే మర్ గయీ దీదీ, మీ నీలవేణి" అంది మెల్లిగా.

అదొక్కటే కాదు. బాణాలు వేసే గోడ దగ్గర, కూలిపోయే దూలం కింద, రైలు పెట్టె మీద, మొత్తం నాలుగు చోట్ల. ప్రతిచోటా ఆ దూరం మీటర్లు కాబట్టే నీలవేణికి తప్పుకునే వ్యవధి దొరికింది. పుస్తకంలో ఉన్నట్టు ఆడితే ఆవిడ నా మూడో ఉత్తరంలోనే పోయింది. ఇంత దూరం వచ్చి, ఆవిరి పట్టి, ఆవిణ్ణి ఇంకోసారి చంపే కాగితం నా చేత్తో నేనే ఊడదీశాను. గోతికాడ నక్క అంటారే, అలా పేజీ చూపించమని కాచుకున్నందుకు మంచి శాస్తి జరిగింది.

పార్వతమ్మ గారు అన్నం వడ్డించారు. వంకాయ కూర, పప్పుచారు, చింతకాయ పచ్చడి. ఆవిడే మొదలెట్టింది. "నీ ఉత్తరాలొస్తే ఈయన పెద్దగా సదివీవోడమ్మా, నాను ఇక్కడ్నించి ఇనీదాన్ని. ఆ పిల్ల పోయిందని రాసిన్నాడు ఈయన అన్నం ముట్టనేదు. ఏటయ్యా, కాగితం మీది మనిషే కదా అన్నాను. అయితే ఏటి, మనింట్లో రెండున్నరేళ్ళు తిరిగింది కదా అన్నాడు."

ఆయన తల ఎత్తకుండా చారు కలుపుకున్నాడు. ఆ నాలుగు ముక్కల ఉత్తరంలో "మా సంతాపము" అని ఉంటే, ఆఫీసు భాష, ఎంత పొగరు అనుకుని పళ్ళు నూరాను నేను. ఆయనకి రాత అంటే ఆ భాష ఒక్కటే తెలుసని, ఆ ఒక్క మాట ఏడుస్తూ రాశాడని నాకు తట్టనే లేదు.

చెయ్యి కడుక్కొచ్చాక సింహాచలం గారు లుంగీ మడతలోంచి రెండు పాచికలు తీసి నా ముందుకి తోశాడు. "ఒక్కసారి ఏసీ తల్లీ" అన్నాడు. "అగాధం ఒక్కటీ ఫీట్లనుకుందాం. మిగతావి నాను సూడనేదు, నువ్వూ సూడనేదు."

"పాపా, యే చీటింగ్ హై" అంది సునీత.

"ఊరుకో. రిజిస్టరు నాను సూసుకుంటాను."

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఏ రిజిస్టర్లోనూ ఒక్క గీత కొట్టెయ్యని మనిషి. నా కోసం కూడా కాదు, నీలవేణి కోసం. పాచికలు చేతిలోకి తీసుకున్నాను. వెయ్యాలని ఎంత అనిపించిందో చెప్పలేను. వేస్తే సగానికి సగం ఆవిడ అవతలి ఒడ్డున ఉండేది. గుహ దాటేది, ఆ చివరి ఘట్టంలో ఉండేది. నా గుప్పిట్లో పాచికలు చెమట పట్టేదాకా ఉంచుకున్నాను. తర్వాత చాప మీద పెట్టేశాను.

"మీటర్లే బాబాయ్" అన్నాను. ఆయన్ని ఆ పిలుపు పిలవడం అదే మొదలు. "మీటర్లలో బతికింది, మీటర్లలోనే పోయింది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి."

ఆయన రిజిస్టర్లో నీలవేణి పోయిన రోజు పుట తిప్పాడు. నాకు వచ్చింది నాలుగు ముక్కల ఉత్తరం. అక్కడ మాత్రం ఆ రాత పుట నిండా ఉంది. నీలవేణి దూకేముందు సంచీ అవతలికి విసిరిందని, వెనక్కి చూడలేదని, సంచీ అవతలి ఒడ్డున పడిందని, మిగతావాళ్ళు దాన్ని తీసుకుని ముందుకి వెళ్ళారని రాసుకున్నాడు. అవేవీ నేను ఉత్తరంలో రాసినవి కావు. ఆవిడ ఎలాంటిదో నాకంటే బాగా తెలిసిన మనిషి, ఆవిణ్ణి ఉత్తినే పడిపోనివ్వడం ఇష్టం లేక తనే కల్పించి రాసుకున్నవి. కళ్ళజోడు తీసి తుడుచుకుని కింద సంతకం పెట్టాను. నా పేరు కాదు, నీలవేణి అని పెట్టాను.

సాయంత్రం ఐదింటి లోకల్ పట్టుకుని రాయపూర్ చేరి, రాత్రి బండికి బయల్దేరాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కోపం తగ్గలేదు, దారి మళ్ళిందంతే. మన దేశాన్ని పాముబొమ్మ చేసి, మన కూలీకి ధైర్యం మూడు వేసినవాళ్ళ మీద అది అలాగే ఉంది, వాళ్ళకి ఆ పెన్సిలు పదమూడు చూపించాలని ఇప్పటికీ ఉంది. మిగతాది నా మీద. రెండున్నరేళ్ళు మొసలి నుంచి, బాణాల నుంచి తప్పించుకుంటూ వచ్చాను, ఒక్కసారైనా ఆ పేజీ చూపించండి, ఇది నిజమేనా అని అడిగానా? తప్పు నాకు కలిసొచ్చినన్నాళ్ళూ పుస్తకం ఊసే ఎత్తలేదు. నాకు ఎదురు తిరిగిన రోజున మాత్రం న్యాయం కావాలని రైలెక్కాను. ఇలాంటి పాత సోర్స్‌బుక్కులు వెతుక్కుంటూ భిలాయో ఇంకో ఊరో బయల్దేరేవాళ్ళకి ఒక్క సలహా: పోట్లాటకే వెళ్తున్నా సరే, తిరుగు టికెట్టు మధ్యాహ్నం బండికి తీసుకోకండి, సాయంత్రానికి తీసుకోండి. భోజనాల దాకా ఆగకుండా వచ్చేసి ఉంటే, నేను గెలిచాననుకుంటూనే ఇంటికి చేరేదాన్ని.